అమ్మడికి, లేహ్ అడ్రసుకి

చిరంజీవి అమ్మడికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. వానలకి వెనకింటి వాళ్ళ మామిడికొమ్మ విరిగి మన ట్యాంకు మీద పడింది, నాన్న ఇంకా తీయించలేదు. బుజ్జి మావయ్యకి షుగర్ మళ్ళీ పెరిగింది. నిన్న పద్దత్తయ్య వచ్చి, మీ యూనిట్‌ని లేహ్ నుంచి ఇంకా పైకి పంపారని వాళ్ళ అల్లుడి స్నేహితుడెవరో చెప్పాడంది. ఆవిడ మాటలు నేను పట్టించుకోను. సీతాలు పెళ్ళప్పుడు ఏం చేసిందో నీకు తెలుసుగా.

నాకేం టెన్షన్ లేదు. ఇంటింటా సిపాయిలుండే మిలటరీ మాధవరంలో పుట్టినదాన్ని. నువ్వున్న చోట ఫోను సిగ్నల్ ఉండదే అంటారు నాన్న. ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసే పిల్లకి సిగ్నల్ లేకపోవడమేంటో!

జూన్ 28 వెళ్ళింది. ఏటా ఆ రోజు నాకు మేజర్ పద్మపాణి ఆచార్య గుర్తొస్తాడు. 1999లో, ఆ కార్గిల్ యుద్ధమప్పుడు, మనం మల్కాజ్‌గిరిలో ఉన్నాం, నువ్వు కడుపులో ఉన్నావు. అతనిది ఒరియా కుటుంబమైనా హైదరాబాద్ వాళ్ళే. తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్‌గా చేసినాయన. కొడుకు 2 రాజ్‌పుతానా రైఫిల్స్ పటాలంలో. తోలోలింగ్ గెలిచాక ద్రాస్‌లోనే ఇంకో కొండ మీదికి వెళ్ళారు. ఒంటినిండా గాయాలై కదల్లేకపోతే, నన్నొదిలేసి మీరు ముందుకెళ్ళండని తన వాళ్ళకి చెప్పి, తను కాలుస్తూనే ఉన్నాడట. కొండ దక్కింది, అతను దక్కలేదు. మహావీర చక్ర ఇచ్చారు. అదే రాత్రి అదే పటాలంలో విజయంత్ థాపర్ కూడా పోయాడు, 22 ఏళ్ళు. నాగాలాండ్ అబ్బాయి కెంగురుసే అయితే జారిపోతున్నానని బూట్లు విప్పేసి ఆ చలిలో వట్టికాళ్ళతో బండ ఎక్కాడు. నువ్వు మాత్రం ఊలు సాక్సు రెండు జతలు వేసుకో. కాలివేళ్ళ మధ్య తడి ఉండనివ్వకు.

పోవడానికి తొమ్మిది రోజుల ముందు, జూన్ 19న, పద్మపాణి వాళ్ళ నాన్నగారికి ఉత్తరం రాశాడు. భార్య చారు అప్పుడు కడుపుతో ఉంది. ఆమెకి రోజుకో భారతకథ చెప్పండి, మీకు పుట్టబోయే మనవలకి మంచి గుణాలు వస్తాయని అందులో రాశాడు. అది పేపర్లో చదివి మీ నాయనమ్మ ఊరుకుంటుందా? దీపాలు పెట్టే వేళకి నన్ను కూర్చోబెట్టి మొదలుపెట్టేది. శంతనుడు, భీష్ముడు, లక్కఇల్లు, ద్రౌపది స్వయంవరం, విరాటపర్వం. ఉత్తరగోగ్రహణం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు చూడాలి, ఉత్తరకుమారుడి బీరాలకి మీ నాన్న వంటింట్లోంచి నవ్వేవారు. ఇదంతా అయ్యాక ద్రోణపర్వం దగ్గరికొచ్చింది. అభిమన్యుడి కథ వద్దత్తయ్యా అన్నాను. కడుపులో ఉన్నవాడు విన్న కథని కడుపులో ఉన్నదానికి చెప్తారా అని ఏడ్చాను కూడా. ఆవిడ పుస్తకం మూసేసి, నాలుగు రోజులు మాట్లాడకుండా, సరాసరి శాంతిపర్వం ఎత్తుకుంది. ఆ కథ విననిదానివి కూడా యూనిఫాం వేసుకున్నావు, ఇంకేం చెప్పను.

చారుకి పుట్టిన పాప పేరు అపరాజిత. నీ ఈడుది. తండ్రిని చూడలేదు. పద్మపాణికి సుమారు 30 ఏళ్ళు. అప్పుడు నాకంటే పెద్దవాడు. ఇప్పుడు తలుచుకుంటే నా కొడుకు వయసువాడు.

పై నుంచి ఫిరంగి గుళ్ళు కురుస్తుంటే అతను ఇంటికి ఉత్తరం రాశాడమ్మా. నీ చేతిలో ఫోనుంది. బాగున్నా అని ఒక్క ముక్క పెట్టడానికి ఎంతసేపు? డ్యూటీ చేయొద్దనలేదు, ఎక్కడున్నావో చెప్పమనీ అనలేదు, అది చెప్పకూడదని నాకూ తెలుసు. క్రమశిక్షణ అంటే బూట్లకి పాలిష్ ఒక్కటే కాదు, ఇంట్లో ముసలాళ్ళు ఉన్నారన్న గుర్తుండటం కూడా. సరే, లెక్చరిస్తున్నానంటావు, ఆపేస్తాను. కాకినాడ సంబంధం వాళ్ళు మళ్ళీ అడిగారు, అది తర్వాత మాట్లాడుకుందాం.

56 ఏపీఓ, అదే మీ మిలటరీ పోస్టాఫీసు అడ్రసుకే పార్సిల్ కడుతున్నా. కందిపొడి, గోంగూర, సున్నుండలు. ఉండలు అందరికీ పంచేసి నువ్వు ఊరికే కూర్చోకు. యూనిట్ మారి ఉంటే కొత్త నంబరు చెప్పు, లేకపోతే గోంగూర నూనె కారి ఎవరి కాగితాలో పాడవుతాయి. స్వెట్టర్ సైజు పాతదేనా? శనివారం లోపు చెప్తే అదీ పెట్టేస్తాను.

అమ్మ