అద్దాలు పంచితే సరిపోదు, ముఖానికి కుదర్చాలి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కరీంనగర్‌లో ఒక కళ్ళద్దాల షాపులో అసిస్టెంట్‌ని. కంటి పరీక్ష ఆప్టోమెట్రిస్టు చేస్తారు. చీటీ చేతికొచ్చాక పనంతా మాది. ఫ్రేమ్ చూపించాలి, కొలతలు తీయాలి, ల్యాబ్ నుంచి వచ్చిన అద్దాన్ని పవర్ కొలిచే లెన్సోమీటర్‌లో సరిచూసుకోవాలి, ఆఖరికి ముఖానికి కుదర్చాలి.

పవర్ సరిగ్గా ఉన్నా అద్దాలు పనికిరాకుండా పోయేది చాలాసార్లు ఇక్కడే. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని బట్టి అద్దం సెంటర్ కూర్చోవాలి. మైనస్ 6 పవరున్న అద్దంలో అది 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, ఆ కంటి మీద 3 డయాప్టర్ల ప్రిజమ్ పడుతుంది, అంటే వెలుగు పక్కకు వంగి కంటికి చేరుతుంది. కళ్ళు లాగుతాయి, తల నొస్తుంది. బైఫోకల్‌లో దగ్గరివి చదవడానికుండే కింది ముక్క మరీ పైకి వస్తే పెద్దవాళ్ళకు దిగాల్సిన మెట్టు మసకబారుతుంది. ‘నాకు అద్దాలు పడవు’ అనుకుని డబ్బాలో పెట్టేస్తారు. లోపం తమ కళ్ళలోనే ఉందనుకుంటారు పాపం.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు, 2023లో రెండో విడత, ఊళ్ళలో ఎందరికో మొదటిసారి కంటి పరీక్ష చేయించాయి. అది చిన్న మేలు కాదు. అలా అద్దాలు అందుకున్న ఒక పెద్దమ్మ జగిత్యాల వైపు నుంచి మా షాపుకొచ్చింది. బీడీలు చుడుతుంది. చాట మీదికి వంగితే చాలు, అద్దాలు జారి ఆకుల్లో పడుతున్నాయి. పవర్ చూశాను, బాగానే ఉంది. కాడలు వేడిచేసి, చెవి వెనక మలుపు దగ్గర కొంచెం వంచి పెట్టాను. తల వంచి చూసుకుంది. నిలిచాయి. ‘గింతేనా బిడ్డా? ఇన్ని దినాలు పెట్టెల వెట్టిన’ అంది.

ఈ పని మాకు ఎవరు నేర్పారు? పక్కనున్న సీనియర్. ఆయనకు ఆయన సీనియర్. పైవాడి చేతిలో తప్పుంటే కిందివాడికీ అదే అలవాటవుతుంది. నిన్నటిదాకా అద్దాలు తుడిచిన కుర్రాడు, ఈరోజు గీత లేకుండా దూరానికీ దగ్గరికీ పనికొచ్చే వేల రూపాయల ప్రోగ్రెసివ్‌కు స్కెచ్ పెన్నుతో కంటిపాప చోటు గుర్తుగా చుక్క పెడుతున్నాడు. 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులకు గుర్తింపునిచ్చింది. షాపులో కొలతలు తీసే చేతికి మాత్రం ఇప్పటికీ నిర్బంధ శిక్షణ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్ళద్దాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, సంతోషమే. కానీ కొలత తప్పితే చౌకగా కొన్న అద్దం కూడా దండగే.

శిక్షణ అసాధ్యమేమీ కాదు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లె యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి ఊళ్ళలో కంటి పరీక్ష చేసే విజన్ టెక్నీషియన్లను తయారుచేసి చూపించింది. మా పనికి అంత కాలం కూడా అక్కర్లేదని నా నమ్మకం. ఐటీఐల్లో కొన్ని వారాల సాయంత్రపు కోర్సు పెట్టించండి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇప్పించండి.

ఇంకొక్క మనవి. ఇకపై ఊళ్ళలో గానీ బడుల్లో గానీ ప్రభుత్వం అద్దాలిస్తే, అవి అందిన వారం తర్వాత అక్కడే ఒక ఫిట్టింగ్ రోజు పెట్టండి. ఒక ఫ్రేమ్ హీటర్, స్క్రూడ్రైవర్లు, కంటిపాపల మధ్య దూరం కొలిచే పీడీ స్కేలు, తెలిసిన మనిషి ఉంటే చాలు. ఆ రోజు కూలి కట్టించి జిల్లాల్లోని షాపు అసిస్టెంట్లను పిలవండి, వస్తాం.

ఇట్లు,
కళ్ళద్దాల షాపు అసిస్టెంట్,
కరీంనగర్