బెల్టు ఇస్తే సరిపోదు, దించే ఏర్పాటు ఉండాలి

సంపాదకుల వారికి,

నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు వెళ్తే అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, ముత్తుకూరు దగ్గర థర్మల్ కేంద్రాల్లో అయితే ఎత్తు మీద పని రోజూ ఉండేదే. ఇప్పుడు చాలాచోట్ల సేఫ్టీ బెల్టు, అంటే భుజాలకూ తొడలకూ పట్టీలు కట్టి తాడుతో పైన తగిలించుకునేది, ఇస్తున్నారు, మంచిదే. కానీ కాలు జారిన మనిషి ఆ తాడుకు వేలాడుతూ ఉండిపోతే ఎవరు దించాలి, దేంతో దించాలి అని అడగండి, 108కి ఫోన్ చేస్తామంటారు. అంబులెన్సు వాళ్లు కింద ఉన్న మనిషిని తీసుకెళ్తారు గానీ ఐదో అంతస్తు దగ్గర గాల్లో ఉన్న మనిషిని ఎట్లా దించుతారండీ?

కదలకుండా వేలాడితే తొడల దగ్గర పట్టీలు బిగుసుకుంటాయి, రక్తం కాళ్లలోనే నిలిచిపోయి గుండెకీ మెదడుకీ అందేది తగ్గిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు, ఇంకా ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. కాళ్లు ఆనించి నిలబడేందుకు బెల్టుకు తగిలించే చిన్న పట్టీలు దొరుకుతాయి, వాటి ఖర్చు కూడా పెద్దదేం కాదు. అమెరికాలో పడిన మనిషిని వెంటనే కాపాడే ఏర్పాటు యజమానే చేయాలని నిబంధనే ఉంది.

మనకూ 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ఉండేది, 2025లో దాని స్థానంలో కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది కదా. కార్మిక శాఖ అధికారులు సైటుకొచ్చినప్పుడు బెల్టులు లెక్కపెట్టి పోకుండా, దించే తాడు, నిచ్చెన ఎక్కడున్నాయి, వాటిని వాడటం ఎవరికొచ్చు, అది చేసి చూపించమని అడగాలి. చూపించలేకపోతే ఆ రోజు పైన పని ఆపించాలి.

ఒక సైట్ సూపర్‌వైజర్, నెల్లూరు