సీసా తీసుకెళ్ళినవాళ్ళు ఎవరికి జవాబుదారీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను కలిగిరి మండలంలో ఒక పల్లెలో పొదుపు సంఘాల యానిమేటర్‌ని. వేసవి సెలవులు ఇవ్వడం ఆలస్యం, డిగ్రీ పిలకాయలు సర్వే కాగితాలు పట్టుకుని ముందు నా గడపకే వస్తారు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి లోను, ఎవరింటాయన చెన్నైకి పనికి పోయాడు, అన్నీ మా పుస్తకాల్లో ఉంటాయని ఎవరో చెప్పి పంపుతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాను. నా ఫిర్యాదంతా వాళ్ళను పంపించి ఊరుకునేవాళ్ళ మీద.

డిగ్రీ పిలకాయలు మొదటి ఏడాది అయ్యాక వేసవిలో 180 గంటలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలని ఉన్నత విద్యామండలి పెట్టింది. 4 క్రెడిట్లు. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, జనానికి అవగాహన కల్పించాలి, చివర రిపోర్టు రాయాలి. ఏ రోజు ఏం చేసిందీ లాగ్‌బుక్కులో ఎక్కించి మెంటర్ చేత సంతకం పెట్టించుకోవాలి. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికేమీ లేదు.

మాది మెట్ట. కనిగిరి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ గోడు మీ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో కూడా నడి వయసుకే మోకాళ్ళు పట్టేసినవాళ్ళున్నారు. ఆ మధ్య వచ్చిన బ్యాచ్‌లో ఒక కెమిస్ట్రీ పిల్ల ఉంది. తక్కిన వాళ్ళు ఫొటోలు దిగుతుంటే ఆ పిల్ల బోరు దగ్గర కూర్చుని, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి, మీద తెల్ల ప్లాస్టర్ అంటించి ఊరి పేరూ తేదీ రాసింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకుంటారని, ఆపైన ఉంటే తాగకూడదని మా ఆడవాళ్ళకు కూర్చుని చెప్పింది. “కాలేజీ ల్యాబ్‌లో చూపించి ఫోన్ చేస్తా ఆంటీ” అని సీసా సంచిలో పెట్టుకుంది.

ఫోన్ రాలేదు. నేనే చేశాను. సార్‌కి ఇచ్చేశానంది. ఆ సార్ గెస్ట్ లెక్చరర్, కాంట్రాక్టు అయిపోయి వేరే ఊరు వెళ్ళిపోయాడు. కాలేజీ ఆఫీసుకు చేస్తే “ఏ సీసా అమ్మా?” అన్నారు. మరుసటి వేసవికి కొత్త బ్యాచ్ అదే ఫారంతో దిగింది. ‘తాగునీటి వసతి: ఉంది / లేదు’. లేదు అని పెట్టండయ్యా అంటే, బోరు కళ్ళెదురుగా ఉంది కదా అని ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టుకుని పోయారు.

ఈ సంగతి మా మేనల్లుడికి ఫోన్‌లో చెప్పాను. వాడు అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అది 1818లో పుట్టిన విద్యాలయం, యేసుసభ అనే క్యాథలిక్ ఫాదర్ల సంఘం వారిది, అంటే మన విజయవాడ ఆంధ్రా లయోలా కాలేజీని 1953లో పెట్టిన జెస్యూట్ ఫాదర్లది. వాడన్నాడు: “అత్తా, ఈడ పిలకాయల సేవ పనులు చూసేదానికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుండారు. పాఠాలు చెప్పేవాళ్ళు వేరే, వీళ్ళు వేరే.”

అప్పటినుంచి తీరికైనప్పుడల్లా వాణ్ణి అడిగీ, ఫోన్‌లో చదివీ తెలుసుకుంటున్నాను. యూనివర్సిటీ ఆశయం నిలబెట్టడానికి ఒక విభాగం, పిలకాయల ప్రార్థనలూ మనసు కష్టాలూ చూసుకోవడానికి ఒకటి, చుట్టుపక్కల పేటలతో సేవ పనులు కుదర్చడానికి ఇంకొకటి. మెస్సుల్లో, దుకాణాల్లో మిగిలిన తిండిని పారబోయకుండా తెచ్చి వండి లేనివాళ్ళకు పంచే వంటగది ఒకటి అక్కడ 2001లో మొదలైంది. 2008 నుంచి జైల్లో చదువు చెబుతున్నారు, అదీ ఖైదీలకే కాదు, జైలు సిబ్బందికి కూడా. ఈ రెండోది నాకు బాగా నచ్చింది. కాపలావాణ్ణి బయట నిలబెట్టి లోపలివాడికి పాఠం చెబితే ఆ చదువు ఎన్నాళ్ళు సాగుతుంది?

ఇదంతా ఫాదర్లే చేస్తున్నారని నేనూ మొదట అనుకున్నాను. 1965 ప్రాంతంలో ప్రపంచమంతా కలిపి 36 వేల మంది దాకా ఉన్న యేసుసభ వారు ఇప్పుడు అందులో సగం కూడా లేరట. అందుకని ఈ పనులు చాలావరకు సంసారాలున్న మామూలు ఉద్యోగుల చేతికొచ్చాయి. 2014లో సెయింట్ లూయిస్‌కు అధ్యక్షుడిగా వచ్చినాయన కూడా ఫాదరు కాదు. మతం కోసమే ఇదంతా అనేవాళ్ళకు ఇంకో మాట: వాళ్ళదే అయిన జార్జ్‌టౌన్ యూనివర్సిటీ 1999లో ముస్లిం పిల్లల కోసం ఒక ఇమామును, 2016లో హిందూ పిల్లల కోసం ఒక ఆచార్యుణ్ణి జీతమిచ్చి పెట్టుకుంది. అలాగని వాళ్ళను నెత్తిన పెట్టుకోమనడం లేదు. 1838లో అదే జార్జ్‌టౌన్ అప్పులు తీర్చడానికి ఆ ఫాదర్లు 272 మంది బానిసలను అమ్మేశారు. తప్పులు లేని సంస్థ అని కాదు, పనికి బాధ్యుణ్ణి పెట్టడం తెలిసిన సంస్థ అని చెబుతున్నాను.

ఆ మాటకొస్తే మనకు తెలియని సంగతా ఇది? 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ కాంట్రాక్టు తన పేరు మీదే తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆయన బాప్టిస్టు, యేసుసభ కాదు. అయినా కూలి అందకపోతే ఎవరిని అడగాలో జనానికి తెలుసు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. 1991లో పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షరదీపం వచ్చినప్పుడు నేను ఇంటర్ చదివిన పిల్లను, మా వీధి అరుగు మీద లాంతరు పెట్టుకుని ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించాను. నాకు పైసా ఇవ్వలేదు. కానీ మండలానికి ఒకాయనను డెప్యుటేషన్ మీద వేశారు. స్కూలు మేస్టారే, ఇంకో పని లేదు. సైకిలేసుకుని వచ్చేవాడు, లాంతర్లో కిరసనాయిలు ఉందా లేదా అని వంగి చూసేవాడు, కిందటి వారం రాని మనిషి ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. పలకలు చాల్లేదంటే వచ్చేసారికి పలకలు వచ్చేవి. మా మండలంలోనే దూబగుంటలో ఆ చదువులో సారా మీది పాఠం చదివిన ఆడవాళ్ళు, వాళ్ళతో రోశమ్మ గారు, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపులక్ష్మి, రోజుకో రూపాయి. నేనివాళ రాస్తున్న సంఘం పుస్తకాలకు మొదలు అదే. పాఠం చెప్పినవాళ్ళం పిల్లలమే. మా వెనక అడిగే మనిషి ఒకడున్నాడు.

అందుకని విక్రమ సింహపురి యూనివర్సిటీనీ, మా వైపు డిగ్రీ కాలేజీలనూ మీ పత్రిక ముఖంగా అడుగుతున్నాను. ప్రతి కాలేజీలో ఈ పనికి ఒక్కరిని పెట్టండి. రిటైరయ్యేదాకా కాకపోయినా అయిదేళ్ళు కదపకండి. ఫీజు రీయింబర్స్‌మెంటే సరిగా రాని కాలంలో కొత్త జీతం ఎక్కడ తెచ్చేదంటారా, ఉన్న పర్మినెంటు లెక్చరర్లలో ఒకరి క్లాసులు సగం తగ్గించండి. ఇప్పుడేమో నిండా క్లాసులున్న మనిషికే ఇంతమంది లాగ్‌బుక్కులు అప్పజెబుతున్నారు. ఆయన సంతకాలు పెట్టక ఏం చేస్తాడు? జిరాక్సు షాపుల్లో తయారు రిపోర్టులు దొరుకుతున్నాయంటే దొరకవా మరి.

ఏడాదికో ఊరు మార్చొద్దు. తిరుచ్చిలో 1844 నాటి సెయింట్ జోసెఫ్ కాలేజీ, అదీ యేసుసభదే, షెపర్డ్ అని ఊళ్ళ పని కోసమే ఒక విభాగం నడుపుతోంది. మనకూ అలాంటిది పెట్టుకోవడానికి సముద్రాలు దాటి నేర్చుకురానక్కర్లేదు. కొత్త బ్యాచ్ ఫారాలు పంచే ముందు, పాత బ్యాచ్ రాసిన రిపోర్టు మా సచివాలయం ముందు తెలుగులో చదివి వినిపించాలి. అబద్ధం రాసుంటే మా ఆడవాళ్ళు అక్కడికక్కడే దిద్దుతారు.

ఆ బాధ్యుడి ఫోన్ నంబరు ఊళ్ళో అందరికీ కనబడాలి. నంబరు ఇస్తే చాలు, సచివాలయం గోడ మీద పెయింటు వేయించే ఖర్చు మా సంఘం పెట్టుకుంటుంది.

పేరు వేయవద్దని మనవి.

— పొదుపు సంఘాల యానిమేటర్,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా