శనివారం సెట్ మధ్యలో ఎందుకు ఆపేశామంటే

మొన్న శనివారం మా దగ్గర బ్రేక్‌బీట్, టెక్నో అనే రెండు రకాల డ్యాన్స్ సంగీతాన్ని డీజే రికార్డులతో అక్కడికక్కడే కలిపే లైవ్ సెట్ 35 నిమిషాలకే ఆగింది. చాలామంది డీజేనే తిట్టుకుంటూ వెళ్లారు. తప్పు ఆయనది కాదు.

మేం అడిగింది ఒకే మోడల్ డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్లు (రికార్డు ప్లేయర్లు) రెండు, అంటే మోటరే నేరుగా తిప్పేవి. అద్దెకిచ్చే సౌండ్‌వాళ్లు ఒకటి డైరెక్ట్ డ్రైవ్‌దీ, ఒకటి మోటరు రబ్బరు బెల్ట్‌తో తిప్పేదీ పంపారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ప్లాటర్, అంటే రికార్డు పెట్టే పళ్లెం, ఎత్తితే గానీ తెలియదు. ఎత్తి చూడకపోవడం మా పొరపాటే. కానీ ఫోన్ చేస్తే "రెండూ తిరుగుతాయి కదండీ" అన్నారు చూడండి, అదే ఇంకా మింగుడుపడట్లేదు. తిరగడానికైతే ఫ్యానూ తిరుగుతుంది.

రెండు పాటలు కలపాలంటే వాటి వేగం ఒకటవ్వాలి. బ్రేక్‌బీట్ రికార్డు 130 బీపీఎం (నిమిషానికి బీట్లు), టెక్నోది 135 అనుకోండి. మొదటిదాని స్పీడు 3 శాతం పెంచి, రెండోదాన్ని 0.8 శాతం తగ్గిస్తే రెండూ 133.9 దగ్గర కలుస్తాయి. టెక్నోలో కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, నాలుగు బీట్ల మీదా పడుతుంది, బ్రేక్‌బీట్‌లో కిక్ పక్కకి జారుతుంది. రెండూ ఒకేసారి మోగితే బేస్ ముద్దగా వినిపిస్తుంది. అందుకే మిక్సర్‌లో బ్రేక్‌బీట్ ఛానల్లో లో ఈక్యూ (బేస్ తగ్గించే నాబ్) పూర్తిగా దించేసి, స్నేర్ డ్రమ్ము, హ్యాట్ తాళాల చప్పుడు మాత్రం 32 బార్లు (బారుకి నాలుగు బీట్లు) టెక్నో మీద నడుపుతారు. అంటే 57 సెకన్లు. సాగిన బెల్ట్ అంతసేపు ఒకే స్పీడు మీద నిలబడదు. అర శాతం జారినా పది సెకన్లకి 50 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది, ప్రతి దెబ్బా రెండుసార్లు వినబడుతుంది. చేత్తో సరిచేయబోతే బెల్ట్ ఇంకా నెమ్మదించి, వదిలాక ఆలస్యంగా అందుకుంటుంది. మీకు వినబడిన గుర్రం డెక్కల చప్పుడు అదే.

ఆయన ల్యాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసిన గంట మిక్స్ ఉంది. అది పెట్టేస్తే సగంమందికి తెలిసేది కాదు, టికెట్ డబ్బులూ మిగిలేవి. కౌంటర్ వెనక పది నిమిషాలు దీని మీదే వాదించుకున్నాం. పెట్టలేదు. ఊరేగింపు బండి మీద పెన్‌డ్రైవ్ గుచ్చి వదిలేసినా డీజే అనే ఊరు మనది, తెలుసు. కానీ డీజే కూల్ హెర్క్ 1970ల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి బ్రేక్‌ని, అంటే పాటలో డ్రమ్ములే మోగే ముక్కని, సాగదీసినప్పటి నుంచీ ఇది చేతుల పని. పోస్టర్ మీద లైవ్ అని వేసింది మేమే. ఆ రాత్రి కోప్పడినవాళ్లు ఇప్పుడూ కోప్పడొచ్చు, మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆపుతాం.

టికెట్ డబ్బు మొత్తం గురువారంలోగా మీ యూపీఐకి తిరిగొస్తుంది. తిన్నదానికి, తాగినదానికి మాత్రం బిల్లు బిల్లే.

ఈ నెల చివరి శనివారం, ఏడున్నరకి, అదే డీజే. సెకండ్ హ్యాండ్‌లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్లు రెండు కొనేశాం. ఏసీకి దాచిన డబ్బు అటే పోయింది కాబట్టి ఇంకొన్నాళ్లు ఫ్యాన్లే. పిచ్ (స్పీడు మార్చే మీట) సున్నా దగ్గర పెట్టి పది నిమిషాలు తిప్పాం, ప్లాటర్ అంచున సున్నాకి గుర్తుగా ఉండే చుక్కలు పక్కనున్న స్ట్రోబ్ లైట్లో కదలకుండా నిలబడినట్టు కనిపించాయి, అంటే స్పీడు జారట్లేదు. సబ్ (బేస్ స్పీకర్) అదురు సూదిలోకి తిరిగొచ్చి ఊళపెట్టకుండా ఒక్కోదాని కింద రబ్బరు, దాని మీద సిమెంటు పలక వేశాం. సూది బరువు 3 గ్రాములు, స్పేర్ సూదులు రెండు. ఇంకా అనుమానముంటే ముందుగా రండి, ప్లాటర్ ఎత్తి చూపిస్తాం.