20లో 17 గడులు పూర్తి: మీ అందరికీ దండం

జనవరి మధ్యలో మొదలుపెట్టిన పక్షుల లెక్క మార్చి రెండో వారంతో ఈ సీజనుకి ఆపేశాం. మా జట్టు వంతు 20 గడుల్లో 17 పూర్తయ్యాయి. ఇందులో మా గొప్ప తక్కువ. దారి చూపించినవాళ్లు, అంబలి పోసినవాళ్లు, తప్పులు దిద్దినవాళ్లు లేకపోతే అయిదారు గడుల దగ్గరే చతికిలబడేవాళ్లం.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా వాలంటీర్లు రాష్ట్రమంతా తిరిగి పక్షుల అట్లాస్, అంటే ఏ పిట్ట ఎక్కడుందో చూపే మ్యాపులు, చేశారు. ఆ పద్ధతే పట్టుకుని మేం ఏడుగురం శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుంచి సోంపేట దాకా మ్యాపు మీద గడులు గీసుకున్నాం. ఒక్కో గడి కిలోమీటరు పైచిలుకు పొడవు, అంతే వెడల్పు. అందులో పావుగంట చొప్పున నాలుగుసార్లు నడిచి, కనబడిన పిట్ట, వినబడిన కూత అన్నీ ఈబర్డ్‌లో, అంటే పక్షుల లెక్కలు రాసుకునే యాప్‌లో, ఎక్కించాలి. గడి ఎక్కడ పడితే అక్కడికే వెళ్లాలి, అదే చిక్కు. తేలినీలాపురం గూడబాతులు (పెలికాన్లు) చూడ్డానికైతే పిలవకపోయినా జనం వస్తారు. ఉద్దానం జీడితోట మధ్యలో పడిన గడికి ఎవరొస్తారు? కాకి, గోరువంక, పసలపోలిగాడు, మళ్లీ కాకి. అయినా అక్కడ ఉన్నవి అంతే అని రాసుకోవడం కూడా లెక్కే.

ముందుగా సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గరి మాస్టారికి. ఆ రోజు నా చేతిలో మ్యాపు, మెడలో బైనాక్యులర్. గట్టు దిగేసరికే నలుగురు చుట్టూ చేరారు. "ఏటి బాబూ, సర్వేకొచ్చారేటి?" అన్నారు. వాళ్లని తప్పుపట్టను. 2010లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు పోలీసు కాల్పులు చూసిన నేల అది. కాగితాలు పట్టుకుని వచ్చినవాణ్ణి ఎలా నమ్ముతారు? టెన్షన్‌లో నాకు నోట మాట రాలేదు. అటుగా వెళ్తున్న రిటైర్డ్ మాస్టారొకరు ఆగి, నా ఫోన్ తీసుకుని లిస్టు పైకి చదివారు. "నీటికాకులు 4, తెల్లకొంగలు 11, లకుముకి 1..." అందరూ నవ్వేశారు. వాళ్లలో ఒక పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. "లకుముకి ఒకటేనేటి? ఆ మదుం కాడ ఇంకోటుంటాది, సూడండి" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. మాస్టారూ, మిగతా మూడు నడకలకీ మీరు ఎండలో మాతోనే ఉన్నారు. ఆ సంగతి మర్చిపోను.

నౌపడా ఉప్పు మడుల్లో పనిచేసే అక్కకి. దిగబడే గట్టు ఏదో, నిలిచే గట్టు ఏదో చూపించి, తన కోసం తెచ్చుకున్న చోడి అంబలి మాకు పోసింది. వద్దంటే కోప్పడింది కూడా.

అక్కడే నా పరువు పోయింది. నీటి అంచున పరుగెత్తే చిన్న పిట్టలన్నీ కెంటిష్ ప్లవర్లే అని రాసి పడేశాను. విశాఖలో చదువుకుంటున్న తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మెడ వెనక తెల్ల పట్టీ ఉందో లేదో చూశారా? లేకపోతే అది శాండ్ ప్లవర్" అన్నాడు. ఫోటోలన్నీ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తే సగానికి సగం పట్టీ లేనివే! పరీక్షలు దగ్గర పెట్టుకుని కూడా నా లిస్టు మొత్తం దిద్దాడు. థాంక్స్ రా తమ్ముడూ, పాసయ్యాక పార్టీ నాది.

మందస రోడ్డులో బండి చైను తెగితే డబ్బులు తీసుకోకుండా వేసిచ్చిన మెకానిక్‌కి కూడా.

మా అమ్మకి చెప్పకపోతే ఇంట్లో గొడవ. కూతలు నేర్చుకోవడానికి నేను రాత్రిపూట తీతువు రికార్డింగ్ పెట్టుకుంటే, "ఇంట్లో ఆ కూతేటిరా, అపశకునం" అని తిట్టేది. ఇప్పుడు తెల్లారుజామున తనే లేపి, "చెరువు వైపు కూసింది, రాసుకో" అంటోంది.

మిగిలిన మూడు గడులూ మందస పైన మహేంద్రగిరి వైపు కొండ అంచుల్లో ఉన్నాయి. దారి తెలియక రెండుసార్లు వెనక్కి వచ్చేశాం. జులై మధ్య నుంచి వానాకాలం లెక్క మొదలు. అప్పటికి తేలుకుంచి చెట్ల మీద నత్తగుల్ల కొంగల గూళ్లు కూడా ఉంటాయి. ఈ 20 గడులూ మళ్లీ నడవాలి. ఆ కొండదారి తెలిసినవాళ్లు, ఒక్క ఆదివారం పొద్దున్న ఖాళీ చేసుకోగలవాళ్లు ఉంటే చెప్పండి. బండి పెట్రోలు, టిఫిను మావే.