రుబెల్లా నెగెటివ్ అంటే రక్షణ లేనట్టే

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో రక్తపరీక్షలు చేశారు. ఒకే కాగితం మీద వరసగా హెచ్‌ఐవీ నెగెటివ్, హెపటైటిస్‌-బి నెగెటివ్, రుబెల్లా ఐజీజీ నెగెటివ్ అని ఉంది. ‘‘అన్నీ నెగెటివేనమ్మా’’ అని సంతోషంగా మా అమ్మకు ఫోన్ చేశాను. ఆ మూడోదానికి అర్థం వేరని నాకెవరూ చెప్పలేదు. రుబెల్లా అనే దద్దుర్ల జబ్బును అడ్డుకునే యాంటీబాడీలు నా ఒంట్లో లేవన్నమాట!

కాన్పయింది. డిశ్చార్జి కాగితంలో ఐరన్ మాత్రలు రాశారు, కుట్ల సంగతి రాశారు, పాపకు టీకాల తేదీలు రాశారు. నాకు వేయాల్సిన రుబెల్లా టీకా ఊసే లేదు.

మూడేళ్లకు మళ్లీ నెల తప్పాను. తొమ్మిదో వారంలో ఉండగా మా క్లాసులో ఓ బాబుకు కొద్దిగా జ్వరం వచ్చి, ముఖం మీద మొదలై ఒళ్లంతా సన్నటి ఎర్ర దద్దుర్లు లేచాయి. పరీక్ష చేయిస్తే రుబెల్లా. మూడు రోజుల్లో వాడు మామూలైపోయాడు. కానీ దద్దుర్లు రావడానికి వారం ముందు నుంచే అది అంటుతుంది. ఆ వారమంతా వాడు నా పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దాడు.

పాత ఫైలు చూసి డాక్టరమ్మ, ‘‘కాన్పయ్యాక టీకా వేయించుకోలేదా?’’ అని అడిగారు. మొదటి 12 వారాల్లో తల్లికి సోకితే బిడ్డకు చేరే అవకాశం 90 శాతం వరకు ఉంటుందట. కంట్లో శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు రావచ్చు. శుక్లాలతో పుట్టిన పిల్లల తల్లులను విచారించి, సిడ్నీ కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్ ఈ సంగతి 1941లోనే బయటపెట్టారు. టీకాలో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి కడుపుతో ఉండగా వేయరు. సోకాక ఆపే మందూ లేదు.

అదే రోజు, మళ్లీ మూడు వారాలకు, ఆరు వారాలకు రక్తం తీశారు. ఆ ఆరు వారాల టెన్షన్ మాటల్లో చెప్పలేను. రోజూ రాత్రి అద్దం ముందు నిలబడి మెడ మీద దద్దుర్లు వెతుక్కునేదాన్ని, చెవుల వెనక గడ్డలు తగులుతాయేమోనని తడుముకునేదాన్ని. ఏమీ లేకపోయినా ధైర్యం చిక్కేది కాదు. దద్దుర్లు రాకుండానే సోకడం కూడా ఎక్కువేనట. చివరికి నాకు సోకలేదని తేలింది. బాబు ఆరోగ్యంగా పుట్టాడు. ఈసారి నేనే అడిగి, ఇంటికి రాకముందే టీకా వేయించుకున్నాను. పాలిచ్చే తల్లికి దానివల్ల ఇబ్బంది లేదు.

ఆస్పత్రులను నేను కోరేది ఒక్కటే. ఐజీజీ నెగెటివ్ వచ్చిన తల్లి డిశ్చార్జి కాగితంలో ‘రుబెల్లా టీకా వేశాం’ అన్న మాట రాశాకే ఇంటికి పంపండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే ఈ పరీక్ష చేయించుకుంటే ఇంకా మేలు. మా చెల్లికి పెళ్లి కుదరగానే చేయించాను. దానికీ నెగెటివే వచ్చింది. మర్నాడే టీకా వేయించి, నెల దాటేదాకా గర్భం రాకుండా చూసుకోమన్నాను.

– ఒక ఉపాధ్యాయురాలు