హెచ్‌ఎం తరగతి గదిలో కూర్చునేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒకటే మాట వినిపిస్తుంది: బడులపై పర్యవేక్షణ పెంచాలి అని. పర్యవేక్షణకు కొదవేం లేదు. కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్‌ఎం, అంటే ప్రధానోపాధ్యాయుడు వస్తారు, నోడల్ ఆఫీసర్ వస్తారు, సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వస్తారు, అప్పుడప్పుడు ఎంఈఓ (మండల విద్యాధికారి) వస్తారు. హాజరు పట్టీ చూస్తారు, మధ్యాహ్న భోజనం రుచి చూస్తారు, లెసన్ ప్లాన్ మీద సంతకం పెడతారు. తరగతికి వెళ్లినా అయిదు నిమిషాలు కూర్చొని, ఇద్దరు పిల్లల్ని లేపి ఎక్కాలు అడిగి, విజిట్ బుక్‌లో ‘బోధనోపకరణాలు వాడాలి, వెనుకబడిన విద్యార్థులపై శ్రద్ధ పెట్టాలి’ అని రాసి బండెక్కుతారు. ఆ రెండు వాక్యాలు ఏ బడిలో, ఏ సంవత్సరంలో రాసినా అతుకుతాయి. చదివిన టీచర్‌కు రేపు పొద్దున తరగతిలో ఏం మార్చుకోవాలో మాత్రం తెలియదు.

ఈ చర్చలో కొందరు అమెరికా చార్టర్ స్కూళ్లను ఉదాహరణగా చూపుతుంటారు. అవి సర్కారు సొమ్ముతో, కొన్నేళ్ల ఒప్పందం మీద, కొన్ని నిబంధనల నుంచి మినహాయింపుతో విడి బోర్డులు నడిపే బడులు. మొదటి చట్టం 1991లో మిన్నెసోటా రాష్ట్రంలో వచ్చింది, మొదటి బడి 1992లో అక్కడే సెయింట్ పాల్‌లో తెరుచుకుంది. మనకు ఈ ఏర్పాటు మరీ కొత్త కాదు. సర్కారు డబ్బుతో సొసైటీల కింద నడిచే గురుకులాలు మనకున్నాయి. వాటిలో మొదటిది 1971లో మన సర్వేల్‌లోనే మొదలైంది. కాకపోతే అక్కడ సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు, మన దగ్గర ప్రవేశ పరీక్ష పెడతాం. ఆ తేడా మరచి ఫలితాలు పోల్చకూడదు. చార్టర్ స్కూళ్లన్నీ ఒక్క తీరుగానూ లేవు. కొన్ని బాగా నడిచాయి, కొన్ని మూతపడ్డాయి. ఏటికేడు ఒప్పందం మీద టీచర్లను పెట్టుకునే పద్ధతి మనకు అక్కర్లేదు. తీసుకోదగింది ఒక్కటుంది. బాగా నడిచే చాలా చార్టర్ బడుల్లో భవనం, బస్సులు, భోజనం, లెక్కాపత్రం చూడటానికి వేరే మనిషి ఉంటారు. ప్రిన్సిపాల్ పని తరగతుల్లో కూర్చోవడం, టీచర్లకు తర్ఫీదు ఇవ్వడం.

ఆ తర్ఫీదు మన హైస్కూల్లో ఎట్లా ఉండాలో చెప్తాను.

హెచ్‌ఎం తరగతిలో 15 నిమిషాలు కూర్చుంటే చాలు, పీరియడ్ మొత్తం అక్కర్లేదు. కూర్చోవాల్సింది వెనక బెంచీలో కాదు. పిల్లల ముఖాలు, నోటుబుక్కులు కనబడేటట్టు పక్క గోడ వైపు. చేతిలో కాగితం, మధ్యలో గీత. ఎడమ వైపు టీచర్ అన్న మాట, కుడి వైపు పిల్లలు అన్నది లేదా రాసింది. ‘బాగుంది’, ‘బాగా లేదు’ అని రాయొద్దు, జరిగింది జరిగినట్టే రాయాలి. టీచర్ ‘అర్థమైందా?’ అని ఎన్నిసార్లు అడిగారు, తరగతి ఎన్నిసార్లు ‘అయింది సార్’ అని ముక్తకంఠంతో అరిచింది, విడిగా నోరు విప్పిన పిల్లలు ఎందరు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎన్ని సెకన్లు ఆగారు. ఇవి లెక్కపెట్టగలిగినవి, వాదులాటకు తావు లేనివి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, నోరెత్తని పిల్లలూ మాట్లాడతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే చూపించారు.

ఆ రోజే, ఆలస్యమైతే మర్నాడు, టీచర్ లీజర్ పీరియడ్‌లో హెచ్‌ఎం వారితో 20 నిమిషాలు కూర్చోవాలి. ఇక్కడే ఎక్కువ మంది హెచ్‌ఎంలు దారి తప్పుతారు. తమకు కనబడిన ఏడు లోపాలూ ఒకేసారి చెప్పేస్తారు. టీచర్ తలూపుతారు, ఒక్కటీ చెయ్యరు. చెప్పాల్సింది ఒక్కటే, అదీ వారం రోజుల్లో చేసి చూపగలిగినంత చిన్నది. ‘విద్యార్థుల భాగస్వామ్యం పెంచండి’ అనేది పని కాదు, కోరిక. ‘ప్రశ్న ముందు అడగండి, మనసులో మూడు లెక్కపెట్టండి, ఆ తర్వాతే పేరు పిలవండి’ అనేది పని. పేరు ముందు పిలిస్తే మిగతా 35 మందీ ఆలోచించడం మానేస్తారు, కారణం అంతే.

గణితం నుంచి ఒక ఉదాహరణ. ఏడో తరగతిలో 1/2 + 1/3 ఎంత అంటే సగం తరగతి 2/5 అని రాస్తుంది. పైవి పైవి, కిందివి కిందివి కూడేశారు. మామూలుగా టీచర్ ‘తప్పు, ఇంకెవరు చెబుతారు?’ అని, ముందు బెంచీ పిల్ల 5/6 అనగానే ముందుకెళ్తారు. 2/5 రాసిన పిల్లలు బోర్డు చూసి దిద్దుకుంటారు గానీ వాళ్ల తలలో తప్పు అట్లాగే ఉంటుంది. ఇక్కడ ఇవ్వాల్సిన సూచన: ‘జవాబులు పలకల మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఒక్కసారిగా పైకెత్తించండి. పది సెకన్లలో ఎందరు తప్పారో కనబడుతుంది. తప్పిన పిల్లవాణ్ని 2/5 పెద్దదా, సగం పెద్దదా అని అడగండి.’ సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేమిటని పిల్లవాడికే అనుమానం రావాలి. పలకలు ప్రైమరీ పిల్లలకే అన్న చిన్నతనం వద్దు.

సూచన ఇచ్చి లేచిపోతే పని సగమే అయినట్టు. ఖాళీ గదిలో టీచర్ బోర్డు దగ్గర నిలబడి ఆ రెండు నిమిషాల ముక్క చేసి చూపాలి, హెచ్‌ఎం 2/5 రాసిన పిల్లవాడిలా జవాబివ్వాలి. రెండుసార్లు, అవసరమైతే మూడుసార్లు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న స్కూల్ అసిస్టెంట్‌కు (హైస్కూల్ టీచర్‌కు) ఇది ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే మొదట హెచ్‌ఎం తన పాఠం చూడమని టీచర్లను పిలవాలి, తానే ముందు తన తప్పులు వాళ్ల చేత చెప్పించుకోవాలి. వారం తిరిగాక మళ్లీ అదే తరగతికి వెళ్లి, ఆ ఒక్కటే చూడాలి. రెండో విజిట్ లేని తర్ఫీదుకూ, కాంప్లెక్స్ మీటింగ్ చాయ్ బిస్కెట్‌కూ పెద్ద తేడా లేదు.

హెచ్‌ఎం తెలుగు పండితుడైతే భౌతికశాస్త్రం టీచర్‌కు ఏం చెబుతారని అడుగుతారు. విషయం చెప్పలేరు, నిజమే; ఆ భాగం కాంప్లెక్స్‌లోని సీనియర్ ఫిజిక్స్ టీచర్‌కు అప్పగించాలి. పిల్లల నోటుబుక్కులు చూడటానికి, ఎవరు మాట్లాడారో లెక్కపెట్టడానికి మాత్రం ఏ సబ్జెక్టు వారైనా చాలు.

ఇక సమయం. ఒక విజిట్‌కు 15, మాటకు 20, రాతకు 5, మొత్తం 40 నిమిషాలు. 12 మంది టీచర్లున్న బడిలో వారానికి ఆరుగురి చొప్పున తీసుకుంటే నాలుగు గంటలు. రెండో వారం మిగతా ఆరుగురు. ఏడు రోజుల తర్వాతి రెండో విజిట్‌కు మనిషికి 10 నిమిషాలు, అంటే ఇంకో గంట. వారానికి అయిదు గంటలు! ఇది మోయలేనిదేం కాదు. కానీ అదే హెచ్‌ఎం ఇన్‌చార్జి ఎంఈఓ కూడా అయితే, కోడిగుడ్ల బిల్లులు, యూడైస్ (బడుల లెక్కల ఆన్‌లైన్ నమోదు) వివరాలు, మరుగుదొడ్ల ఫొటోలు ఆయనే పంపాల్సి వస్తే, మొదట ఎగిరిపోయేది ఈ అయిదు గంటలే.

ప్రైమరీ బడుల సంగతి వేరు. దేవరకొండ వైపు తండాల్లో ఇద్దరే టీచర్లుండే బడులున్నాయి. అక్కడ ఎవరు ఎవరి పాఠం చూస్తారు? సీఆర్పీ చూడాలంటారు. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి, తన కన్నా రెండింతల సర్వీసున్న ఎస్జీటీకి (ప్రైమరీ బడి టీచర్‌కు) ఏం చెప్పగలరు? చెప్పినా ఎవరు వింటారు? దానికన్నా పక్క పక్క బడుల ఎస్జీటీలను జంటలుగా కలిపి, నెలకు ఒక పూట ఒకరి బడికి మరొకరు వెళ్లేటట్టు చూడటం మేలు. ఇంట్లో లంబాడీ మాట్లాడి ఒకటో తరగతికొచ్చే పిల్లలు తెలుగు పాఠానికి ‘అయింది టీచర్’ అని అందరితో కలిసి అరుస్తారు. వాళ్లకు అందిందో లేదో ఆ భాష తెలిసిన టీచర్ పక్కన కూర్చుంటేనే పట్టుకోగలరు. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం ఇంటి భాషైన పిల్లల సంగతీ అంతే.

కాలం కూడా చూసుకోవాలి. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) మొదలైతే పిల్లలు చేలల్లో ఉంటారు. జనవరి నుంచి పదో తరగతి ప్రత్యేక తరగతుల హడావుడి. ఈ పని నిలదొక్కుకోవాలంటే జూన్, జులైలలోనే మొదలవ్వాలి, దసరాలోపు ఒక్కో టీచర్‌కు కనీసం నాలుగు దఫాలైనా పూర్తవ్వాలి.

దీన్ని రాష్ట్రమంతా ఒక్క జీవోతో పరిచెయ్యమని కోరడం లేదు. టీచర్ల తర్ఫీదుపై 60 అధ్యయనాలను కలిపి 2018లో అమెరికాలో చేసిన పరిశీలనలో బోధన బాగా మెరుగుపడిందనీ, పిల్లల మార్కులు అంతకన్నా తక్కువగా పెరిగాయనీ, ఎక్కువ మంది టీచర్లకు విస్తరించేసరికి ఫలితం పలచబడిందనీ తేలింది. కాబట్టి జిల్లాకు రెండు మూడు మండలాల్లో, ఒప్పుకున్న హెచ్‌ఎంలతో మొదలుపెడితే చాలు. వాళ్లను ఇన్‌చార్జి ఎంఈఓ బాధ్యత నుంచి తప్పించాలి. బిల్లులు, ఆన్‌లైన్ పనికి కాంప్లెక్స్‌కు ఒక ఉద్యోగిని ఇవ్వాలి. తర్ఫీదు కాగితం టీచర్ దగ్గరే ఉండాలి. అది యాప్‌లోకీ, డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకూ, సర్వీసు ఫైలులోకీ వెళ్లకూడదు. వెళ్తుందని తెలిసిన మర్నాటి నుంచి హెచ్‌ఎం తలుపు తీయగానే ముందే వల్లె వేయించిన పాఠం మొదలవుతుంది, జవాబు తెలిసిన ముగ్గురు పిల్లలే లేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.